ఎవరి భుజం

పడుగు అయిపోయిందని కబురు రాగానే రామేశ్వరమ్మ పొద్దున ఎనిమిదింటికల్లా శాంతమ్మ ఇంటికి వెళ్ళి మగ్గం వెనక కూర్చుంది. గద్వాలలో ఆ మగ్గాల వాడ అంతటికీ అచ్చు అతికే మనిషి ఆమే. అయిపోయిన పడుగు పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల కొసలను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేళ్ళకు కాస్త బూడిద రాసుకుని పోగు పట్టుకోవడం, మెలిపెట్టడం, వదలడం. నాలుగు వేల పైచిలుకు పోగులు. సాయంత్రం దాకా పడుతుంది. ఎదురుగా ఆ ఇంటి ఆడమనిషి ఎవరో ఒకరు కూర్చుని పోగులు విడదీసి అందిస్తూ ఉండాలి.

చేతులకే పని కాబట్టి నోళ్ళు ఊరుకోవు. సాయంత్రమయ్యేసరికి ఇంటి సంగతులన్నీ బయటికి వస్తాయి. అలా వచ్చిన మాట ఆ గడప దాటకూడదని వాడలో ఒక కట్టుబాటు. రామేశ్వరమ్మకు ఈ పని నేర్పిన మేనత్త "అచ్చు కాడి మాట అచ్చు కాడనే" అనేది. ఇరవై రెండేళ్ళలో రామేశ్వరమ్మ ఆ మాట తప్పలేదు. అందుకే ఆమె ముందు అత్తలు కోడళ్ళ గురించి, కోడళ్ళు అత్తల గురించి భయం లేకుండా చెప్పుకునేవాళ్ళు.

ఆ రోజు ఎదురుగా కూర్చున్నది శాంతమ్మ కోడలు ధనలక్ష్మి. ముప్పై ఏళ్ళుంటాయి. పోగులు అందిస్తూ అందిస్తూ, మధ్యలో తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని మెల్లగా పక్కకు జరుపుకుంది.

"ఏమైందే చేతికి?"

"భుజం లేస్తలేదు చిన్నమ్మా. తల దువ్వుకుందామంటే ఈడికొచ్చి ఆగుతది." చెవి దాకా తెచ్చి చూపించింది. "పదకొండేండ్లాయె గద, అంచు పక్కన కూసొని."

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు లంకె పడాలి. గుంటలో కూర్చుని నేసే మనిషి ఒకరైతే, అంచు పక్కన కూర్చుని ఆ లంకె పట్టే మనిషి ఇంకొకరు. ఈ ఇంట్లో గుంటలో కూర్చునేది ధనలక్ష్మి భర్త మధు. పక్కన కూర్చునేది ధనలక్ష్మి.

"దవాఖానకు పోలేదా?"

"పోయిన. ఏం పని చేస్తవమ్మా అని అడిగిండు డాక్టరు. ఏం చెప్పాలె? నేత కార్డు ఆయన పేర ఉన్నది, మగ్గం నంబరు ఆయన పేర ఉన్నది, చీర ఆయన నేసిండంటరు. ఇంట్లనే ఉంట సార్ అని చెప్పిన." ధనలక్ష్మి నవ్వింది. "నాగ్గూడ ఒక కార్డుంటే బాగుండు చిన్నమ్మా. పైసలకు గాదు. ఏం పని చేస్తవంటే తీసి చూపిచ్చెతందుకు."

వంటింట్లోంచి శాంతమ్మ వస్తున్న చప్పుడు కాగానే ఇద్దరూ ఉల్లిగడ్డల ధర గురించి మాట్లాడుకున్నారు.

*

పది రోజులు గడవకుండానే మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. ఆ వాడ ఉన్న వార్డు బీసీ మహిళకు రిజర్వయింది. వాడలో పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు తిరుపతయ్య ఒక పార్టీకి ఆ వార్డులో పెద్దదిక్కు. తన భార్యను నిలబెడదామనుకున్నాడు కానీ, ఆమె మోకాళ్ళ నొప్పులతో గల్లీ గల్లీ తిరగడం తన వల్ల కాదని కుర్చీలోంచి లేవకుండానే చెప్పేసింది. దాంతో ఆయన రామేశ్వరమ్మ ఇంటికి వచ్చాడు.

"ఈ వాడల నువ్వు తొక్కని గడప లేదు చెల్లె. నువ్వు నిలబడితే నేను తిరిగే పనే లేదు."

రామేశ్వరమ్మ మగ్గం మీదున్న భర్త వైపు చూసింది. రామస్వామి పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆపకుండా "నీ ఇష్టం" అన్నాడు. ఆయన ఒక రోజులో మాట్లాడే మాటల్లో అవి సగం.

నామినేషన్ వేసిన మర్నాడు కరపత్రంలో ఏం రాయాలో తేల్చడానికి కూర్చున్నారు. రామేశ్వరమ్మ కూతురు రోజా ప్రింటింగు షాపులో టైపు చేస్తుంది కాబట్టి రాసే పని ఆమెకు పడింది.

"సీసీ రోడ్డు," అంది రోజా.

"వాళ్ళు రాసిండ్రు," అన్నాడు తిరుపతయ్య. అవతలి పార్టీ కరపత్రం ఆయన జేబులోనే ఉంది. "రోడ్డు, మోరీలు, వీధి లైట్లు, అన్నీ రాసిండ్రు. మనం గూడ గదే రాస్తే చూసి రాసినమని నవ్వుతరు."

"మరి కోతుల బెడద?"

"కోతులను గూడ వాళ్ళే పట్టుకున్నరు బిడ్డా."

రోజా పడి పడి నవ్వింది. తిరుపతయ్య మాత్రం నవ్వలేదు. ఓటర్ల జాబితా తీసి వేలితో చూపించాడు. "పద్నాలుగు వందల చిల్లర ఓట్లు. ఆడోళ్ళవి డెబ్బయ్యారు ఎక్కువ. వాళ్ళకు ఏం గావాలె అనేది అవతలోళ్ళు ఒక్క ముక్క రాయలే. రాద్దామన్నా వాళ్ళకు తెల్వదు. నీకు తెల్సు. చెప్పు."

రామేశ్వరమ్మకు చాలా తెలుసు. ఏ ఇంట్లో మరిది తాగి వస్తాడో, ఏ ఇంట్లో నీళ్ళ కోసం తెల్లవారుజామున లేచి కోడలు కళ్ళు తిరిగి పడిందో తెలుసు. అవేవీ కరపత్రంలో రాసేవి కావు. ధనలక్ష్మి మాట మాత్రం రాయదగ్గదిగా తోచింది. పేరు చెప్పకుండా ఆ సంగతి చెప్పింది. అంచు పక్కన కూర్చునే ఆడవాళ్ళకు కార్డు కావాలని, పదకొండేళ్ళుగా కూర్చున్న ఒకామెకు భుజం పోయిందని.

తిరుపతయ్య వెనక్కి వాలి, "ఇది రాయి," అన్నాడు. "ఇది ఎవ్వడు రాయలే."

రోజా పావుగంటలో రాసి చదివి వినిపించింది. "పదకొండేళ్ళు అంచు పక్కన కూర్చుని, తల దువ్వుకోవడానికి కూడా భుజం లేవని మా అక్కచెల్లెళ్ళకు ఏ గుర్తింపూ లేదు. నన్ను గెలిపిస్తే వారికీ నేత కార్డు కోసం కొట్లాడతాను."

రామేశ్వరమ్మ ఇంకోసారి చదవమంది. బాగుందనుకుంది. పేరు లేదు కదా అనుకుంది. ఈ వాడలో మనిషిని గుర్తుపట్టడానికి పేరు అక్కర్లేదని ఆమెకు ఆ పూట తోచలేదు.

*

మొదటి రెండు రోజులూ ఆడవాళ్ళు కరపత్రం చదివి మడిచి, మగ్గం పక్కన గోడ సందులో దాచుకున్నారు. ఇద్దరు ముసలమ్మలు రామేశ్వరమ్మ చేతులు పట్టుకుని నిమిరారు. ఐదో రోజు పొద్దున ఆమె నలుగురిని వెంటబెట్టుకుని శాంతమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి శాంతమ్మ గడపలోనే నిలబడి ఉంది. ఆమె పుట్టిల్లు రాయచూరు. కోపం వస్తే నాలుక మీదికి కన్నడం వస్తుంది.

"సాకు, సాకు. చేసింది చాలు, ఇగ లోపలికి రాకు," అంది. "మా కోడలి భుజం మీదెక్కి కౌన్సిలర్ అయితవా చెల్లె?"

"అక్కా, నేను పేరు…"

"పేరెందుకు? పదకొండేండ్ల సంది అంచు పక్కన కూసున్నది ఈ వాడల ఇంకెవరున్నరు? తల దువ్వుకోనిది ఇంకెవరున్నరు? మేం దానికి తిండి వెడుతున్నమో, గొడ్డు చాకిరి చేపిస్తున్నమో ఊరంత చదువుకుంటున్నరు. చాయ్ హోటల్ కాడ నా కొడుకును పట్టుకొని, ఏం మధూ, పెండ్లాం రెక్క ఇరగ్గొట్టినవంట గద అని అడిగిండ్రు. వాడు చాయ్ తాగకుంటనే వచ్చిండు."

శాంతమ్మ భుజం మీదుగా లోపలి మగ్గం కనబడుతోంది. మధు గుంటలో, ధనలక్ష్మి పక్కన. ఇద్దరూ తల ఎత్తలేదు. మగ్గం చప్పుడు మాత్రం ఆగలేదు.

ప్రచారం పొద్దునా సాయంత్రమే కాబట్టి మధ్యలో రామేశ్వరమ్మ పని మానలేదు. ఆ మధ్యాహ్నం వేరే ఇంట్లో అచ్చు అతకడానికి కూర్చుంది. ఎదురుగా కూర్చున్న ఆమె మామూలుగా అయితే నోరు మూయదు. ఆ రోజు టీవీ సీరియల్ కథ చెప్పింది, అది అయిపోయాక ఇంకో సీరియల్ కథ చెప్పింది.

"మీ అత్త ఆరోగ్యం ఎట్లున్నదే?" అని రామేశ్వరమ్మే అడిగింది.

"మంచిగనే ఉన్నది." అంతే. ఇంకో పోగు అందిస్తూ, "కాయితంల రాయకు అక్కా," అంది. నవ్వుతూనే అంది.

రామేశ్వరమ్మ వేళ్ళ మధ్య పోగు తెగింది. ఇరవై రెండేళ్ళలో ఏ ఇంట్లోనూ ఆమె ముందు ఎవరూ ఇంటి మాట ఇలా దాచుకోలేదు. ఓడిపోతే ఓడిపోతాను, మళ్ళీ అచ్చు అతుక్కుంటాననుకుంటోంది ఇన్నాళ్ళూ. అతకడానికి పిలుస్తారు సరే, ఇక ఎదురుగా కూర్చున్న మనిషి మనసు విప్పదు. అంతకంటే మధు ధనలక్ష్మిని ఏమంటున్నాడోనన్న దిగులు ఎక్కువైంది.

*

ఆ సాయంత్రం తిరుపతయ్య పరేషాన్ అయి వచ్చాడు.

"అవతలోళ్ళు ఒకటి లేవగొట్టిండ్రు చెల్లె. ఆడోళ్ళ పేర కార్డిస్తే మగోళ్ళ కార్డు కొట్టేస్తరంట. మగోళ్ళంత గరమైతున్నరు. ఒక్కటే ఉపాయం. రెండు కాయితాలు కొట్టిద్దాం. ఆడోళ్ళకు పంచే దాంట్ల కార్డు సంగతి ఉంటది. మగోళ్ళకు పంచే దాంట్ల ఉండదు. వాళ్ళకు కమ్యూనిటీ హాల్ అని రాద్దాం."

రామేశ్వరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నిజంగానే అంటున్నాడు.

"అన్నా, ఒక్క మగ్గం మీద మూరెడు దూరంల కూసున్నోళ్ళకు రెండు కాయితాలు ఎట్ల పంచుతవు? ఆమె చేతుల ఒకటి, ఆయన చేతుల ఒకటి వెడితే నాడె రెండుసార్లు తిరిగే లోపల మార్చుకొని చదువుకుంటరు."

మగ్గం మీదున్న రామస్వామి కిసుక్కున నవ్వాడు. తిరుపతయ్యకు కోపం వచ్చింది.

"మరి ఆ ముక్క తీసేద్దాం. తీసేస్తెనే గెలుస్తం. తీసెయ్యకుంటే నలభై, యాభై ఓట్లు పోతయి. రేపు సాయంత్రం మా వాకిట్ల మీటింగు పెట్టిన, ఆడ అందరి ముందర, ఆ మాట పొరపాటున పడ్డదని చెప్పు."

"రేపు చెప్త," అంది రామేశ్వరమ్మ.

మర్నాడు పొద్దున ఒక్కతే శాంతమ్మ ఇంటి వెనక వాకిలికి వెళ్ళింది. ఆ వేళకు శాంతమ్మ కూరగాయలకు పోతుందని తెలుసు. ధనలక్ష్మి నేల మీద కూర్చుని ఎడమ చేత్తో రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. చూసింది కానీ లేవలేదు.

"తప్పయింది బిడ్డా."

"నేను నీకు చెప్పిన చిన్నమ్మా. వాడకు చెప్పలే."

"అడగాల్సుండె."

"అడిగితే వద్దంటుంటి." రాట్నం ఆగలేదు. "నాలుగు రోజులాయె ఆయన నాతోటి మాట్లాడక. పొద్దంత పక్కపక్కనే కూసుంటున్నం. లంకె కాడ చేతులు తాకుతయి. మాట ఉండదు. తెగిన పోగు చూపిచ్చాల్నంటే గూడ వేలు పెట్టి చూపిస్తుండు."

రామేశ్వరమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. "తిరుపతయ్యన్న ఆ ముక్కే తీసెయ్యమంటున్నడు. తీసేస్త. ఈ పూటనే చెప్త."

రాట్నం అప్పుడు ఆగింది.

"తీసేస్తవా? మరి గిదంత దేనికైనట్టు?" ధనలక్ష్మి ఎడమ చేత్తో కొంగు సర్దుకుంది. "ఆమె ఏదో నోటికొచ్చింది చెప్పిందంట, అందుకే తీసేసిండ్రంట అంటరు. నా భుజం తీసెయ్యి చిన్నమ్మా. కార్డు ఉంచు."

*

తిరుపతయ్య వాకిలి పెద్దది. ఎండ తగ్గే వేళకు మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు జంపఖానా మీద సర్దుకున్నారు. శాంతమ్మ ముందు వరసలో కూర్చుంది. వినడానికి వచ్చిందో తిట్టడానికి వచ్చిందో ముఖం చూస్తే తెలియడం లేదు. ధనలక్ష్మి ఆమె వెనక. మధు కుర్చీ దొరికినా కూర్చోకుండా గోడ దగ్గర నిలబడ్డాడు. రామస్వామి ఎప్పటిలాగే అందరికంటే వెనక.

రామేశ్వరమ్మ మైకు తీసుకోలేదు. "కార్డు సంగతి తీసేస్తలేను," అని మొదలుపెట్టింది. తిరుపతయ్య కుర్చీలో కదిలాడు.

"మా కార్డులు పోతయంట గద?" అని ఒకాయన అరిచాడు.

"మీ పేరు కొట్టెయ్యమని నేను అడగను. మీ పేరు పక్కన ఇంకో పేరు రాయుమని అడుగుత. ఇస్తరో ఇయ్యరో నాకు తెల్వదు. కౌన్సిలర్ చేతుల ఉండేది గాదు అది. ఆఫీసుల చుట్టు తిరుగుత అని మాత్రం చెప్పగలుగుత."

"తిరిగి ఇప్పిస్త అని చెప్పమ్మా, తిరుగుత అంటే ఓట్లెట్ల వస్తయి?" అని ఎవరో అంటే నవ్వులు లేచాయి. రామేశ్వరమ్మ కూడా నవ్వింది.

నవ్వులు ఆగగానే గోడ దగ్గర్నుంచి మధు గొంతు వినబడింది. "అది సరే చిన్నమ్మా. ఆ కాయితంల రాసిన భుజం ఎవరిది? గది చెప్పు ముందు. పేరు వెట్టి చెప్పు."

వాకిలంతా ధనలక్ష్మి వైపు చూసింది. ధనలక్ష్మి జంపఖానా చారల వైపు చూస్తోంది.

రామేశ్వరమ్మ ఎలాంటి మాటలూ సిద్ధం చేసుకుని రాలేదు.

"నాది," అంది.

"నీదా?"

"నాదే. రోజా పుట్టకముందు నేను గూడ అంచు పక్కన కూసున్నదాన్నే గద. ఆ భుజం నొప్పికే ఇడిచిపెట్టి అచ్చు అతకపోయిన. నా సంగతి నేను రాయించుకున్న. ఇంకొకరిది అనుకుంటే నేనేం చెయ్యాలె?"

అంచు పక్కన కూర్చున్న మాట నిజమే. ఆరేళ్ళు కూర్చుంది. భుజం నొప్పి మాత్రం ఆమెకు ఏనాడూ లేదు. మేనత్త ముసలిదైపోతే ఆ పని అందుకుంది, అంతే.

"పదకొండేండ్లు కూసున్నవా నువ్వు?" మధు నమ్మలేదు. వెనక్కి తిరిగి, "ఏం చిన్నాయినా, నిజమేనా?" అని రామస్వామిని అడిగాడు.

ఇప్పుడు అందరూ రామస్వామి వైపు తిరిగారు. నలుగురు తన వైపు చూస్తే పక్కకు తప్పుకునే మనిషి. గొంతు సవరించుకున్నాడు.

"పదకొండు గాదు," అన్నాడు. "పన్నెండు."

రామేశ్వరమ్మ అవునన్నట్టు తలూపింది.

"ఏంది రామస్వామీ, పెండ్లాన్ని దువ్వెన గూడ పట్టనియ్యలేదా నువ్వు?" ముందు కుర్చీలోని ఒక పెద్దాయన ఎగతాళి చేశాడు. కొందరు నవ్వారు.

రామస్వామి తల వంచుకున్నాడు. "అప్పట్ల నాకు సోయి లేకుండె," అన్నాడు. "చీర బాగొచ్చిందా లేదా గదే చూసిన. పక్కన మనిషిని చూడలే."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. కుర్చీల్లో ఉన్న మగవాళ్ళు కొందరు చెప్పుల వైపు చూసుకున్నారు. మధు గోడకు ఆనించిన చెయ్యి తీసేసి, ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ చెప్పింది అతను నమ్మాడో లేదో తెలియదు. నమ్మినట్టు ఉండటానికి మాత్రం ఒక దారి దొరికింది.

ఆ దారి అందరికంటే ముందు శాంతమ్మకు కనబడింది. "నేను మొదటి సందే అంటున్న, అది మా కోడలిది గాదని," అని పక్కనున్న వాళ్ళకు గట్టిగా చెప్పింది. "ఎవ్వరన్న ఇంటెనా?"

ధనలక్ష్మి తల ఎత్తి రామేశ్వరమ్మ వైపు ఒక్కసారి చూసి, అత్త భుజం మీదినుంచి జారిన కొంగును ఎడమ చేత్తో సర్దింది.

మీటింగు అయ్యాక మధు బయట చెప్పులు వేసుకుంటూ, భార్య దగ్గరికి వచ్చేదాకా ఆగాడు. "నడువు, చీకటైతుంది," అన్నాడు. చీకటి పడడానికి ఇంకా గంట ఉంది. నాలుగు రోజుల తర్వాత ఆడిన మొదటి మాట కాబట్టి ధనలక్ష్మి ఆ సంగతి చెప్పలేదు.

*

"ఓట్లొస్తయో పోతయో దేవునికే తెలుసు," అని తిరుపతయ్య గేటు దాకా వచ్చి సాగనంపాడు. "రామస్వామిని నిలబెట్టాల్సుండె."

ఇంటికి పోయే దారిలో రామస్వామి ముందు, రామేశ్వరమ్మ, రోజా వెనక నడిచారు. కూడలి దాటాక ఆయన ఆగాడు.

"ఏ భుజం?"

"ఏంది?"

"రేపు ఎవరన్న అడుగుతరు. ఏ భుజమని చెప్పాలె నేను?"

రామేశ్వరమ్మ ఆలోచించింది. "ఆ పిల్లది కుడిది."

"నువ్వు నాకు ఎడమ దిక్కు కూసుంటుంటివి. లంకెకు ఎడమ చెయ్యే పెడుతుంటివి. నీది ఎడమదే గావాలె."

అన్నేళ్ళ కిందటి సంగతి ఆయనకు గుర్తుందని ఆమెకు తెలియదు. "సరే, ఎడమది," అంది.

"మరి రేపటి సంది రెండు చేతులు పైకెత్తి దండం పెట్టకు. ఎడమ చెయ్యి ఎదకాడికే రావాలె."

"పోస్టర్ల మీద అమ్మ రెండు చేతులు ఎత్తే ఉన్నది గద నాయినా," అంది రోజా. "వాడంత అంటిచ్చిండ్రు."

రామస్వామి గోడ మీది పోస్టరు వైపు చూశాడు. "పాత ఫొటో అని చెప్పు," అన్నాడు.

ఎదురుగా సైకిలు మీద ఎల్లన్న వచ్చాడు. ఆ వార్డు ఓటరే. బ్రేకు వేసి, "ఏం రామేశ్వరక్కా, ఎట్లున్నది ప్రచారం?" అని పలకరించాడు. రామేశ్వరమ్మ రెండు చేతులూ ఎత్తబోయి, ఎడమ చేతిని మధ్యలోనే ఆపేసి, కుడి చేత్తోనే దండం పెట్టింది.